జాలీకి అంటుకున్న గుడ్డ

మిట్టమధ్యాహ్నం ట్రైలర్ బండిలోని జనరేటర్ గాలాడక, కొలిమిలా కాగి ఆగిపోయింది. ఆపరేటర్ తలుపు తీయగానే సెగ ముఖాన కొట్టింది. లోపలికి గాలి పీల్చే జాలీకి ఏదో గుడ్డ అతుక్కుని ఉంది. అసలే కోపం ముక్కు మీదుండే మనిషి. వైరింగ్ చేస్తున్న బావమరిది మీద విరుచుకుపడ్డాడు.

"గుడ్డలు కుక్కడానికి ఇదే దొరికిందట్రా నీకు?"

"నేను కాదు బావా, అక్క మీదొట్టు!"

మాట పూర్తికాకముందే పిడిగుద్దు పడింది. పెదవి చిట్లి రక్తం కారింది. అయినా ఆగక, మెడ పట్టి ఈడ్చుకెళ్లి, అతని చెంపను కాగిన రేకుకేసి అదిమాడు. చర్మం చుయ్యిమంది.

బావమరిది కేకకు పరుగెత్తుకొచ్చిన బండి డ్రైవర్ ఆపరేటర్‌ని అవతలికి తోసి, జాలీ మీది గుడ్డ పీకి విసిరాడు.

"కొడితే కొట్టావు గానీ, ఇదెవరిదో చూడు ముందు."

అది ఆపరేటర్ చొక్కా. చిరిగిన జేబుకు భార్య వేసిన ఎర్రదారం కుట్టు కనిపిస్తూనే ఉంది. వేడిగాలి బయటికొచ్చే వైపు రోజూ చొక్కా ఆరేసుకోవడం అతని అలవాటు. ఈ పొద్దున తొందరలో గాలి పీల్చే వైపు ఆరేశాడు.

బావమరిది కాలిన చెంపతో మెల్లగా లేచాడు.

"ఇంటికి పద బావా. అక్కకి చెంప నేను చూపిస్తా, చొక్కా నువ్వు చూపించు."