లారీ నెత్తిమీది దీపం

రోడ్డు గుంతలు పూడ్చే లారీ నడిపే మనిషికి మా వీధిలో అందరం కలిసి పెట్టిన పేరు నిదానం. అతను బండి తోలుతుంటే ఓ నత్త దాటుకుని ముందుకెళ్ళి, పాపం ఏమైందోనని ఆగి వెనక్కి తిరిగి చూసిందట. నేనైతే చూళ్ళేదు. చూసినవాడు చెప్పాడు. వాడు అబద్ధమాడడు, ఆడేంత తెలివి వాడికి లేదు. అలాంటి నిదానం బండిని, అదీ రోడ్డు పక్కన ఆపి ఉన్న బండిని, ఓ కారొచ్చి గుద్దిందంటే తప్పెవరిదనుకుంటారు? కారుదే అనుకుంటారు. వీధంతా అదే అంది. ఆ మాట అననివాడు నిదానం ఒక్కడే.

జరిగింది ఇదీ. ఊరు దాటిపోయే పెద్ద రోడ్డు అంచున ఆ సాయంత్రం పని ముగిసింది. పొద్దు వాలింది, మబ్బు కమ్మింది, వెలుగు బూడిద రంగుకి తిరిగింది. కొత్త తారు ఇంకా ఆవిరి కక్కుతోంది. రోలరు నడిపే లావుపాటి మనిషిని గుండ్రాయి అంటారు. అతను రోడ్డు మీద వరసగా పెట్టిన ఎర్ర కోన్లు ఏరి, ఒకదాంట్లో ఒకటి దోపి, లారీ మీదికి విసిరాడు. మేస్త్రి, గుండ్రాయి ఇద్దరూ ముందు ఎక్కి నిదానం పక్కన ఇరుక్కుని కూర్చున్నారు.

ఇక్కడో సంగతి చెప్పాలి. ఆ లారీ నెత్తిమీద ఓ పసుపు దీపం గిరగిరా తిరుగుతూ ఉంటుంది. ఇక్కడ బండి ఆగి ఉంది, పక్కనుంచి పొండి అని వెనక వచ్చేవాళ్ళకి చెప్పేది అదే. కానీ ఆ బండి బ్యాటరీ ముసలిది. దీపం తిరుగుతుండగా తాళం తిప్పితే ఇంజను లేవదు. "మా అత్తగారికీ దీనికీ ఒకేసారి రెండు పనులు చెప్పకూడదు" అని మేస్త్రి నవ్వేవాడు. కొత్త బ్యాటరీ అడిగితే, బండ్లు పెట్టే యార్డులో పెద్దసారు "చూద్దాం" అనేవాడు. ఆయన చూస్తూనే ఉన్నాడు. అందుకని వీళ్ళకో అలవాటు పడింది. ముందు దీపం ఆర్పడం, తర్వాత తాళం తిప్పడం, ఇంజను లేచాక మళ్ళీ దీపం వెయ్యడం.

ఆ సాయంత్రమూ నిదానం దీపం ఆర్పాడు. తాళం తిప్పాడు. ఇంజను మూలిగింది కానీ లేవలేదు. మళ్ళీ తిప్పబోయాడు.

వెనక కొండ విరిగి పడ్డట్టయింది. గుండ్రాయి నుదురు అద్దానికి కొట్టుకుంది. మేస్త్రి నోట్లో వక్కపొడి నిదానం ఒళ్ళో పడింది. ఓ క్షణం ఎవరికీ ఏమీ వినపడలేదు. తర్వాత వెనకనుంచి కారు హారన్ ఆగకుండా మోగడం మొదలెట్టింది. కారులో మనిషి దానిమీద వాలిపోయిందని దిగి చూస్తేగానీ తెలియలేదు.

ఆవిడ మందుల షాపు నడుపుతుంది. ఒక్కతే ఉంది. ఊపిరి ఆడుతోంది, మాట లేదు. ఆంబులెన్స్ వచ్చి తీసుకుపోయేదాకా నిదానం రోడ్డు మీద చతికిలబడి తన కుడిచేతి వంకే చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికెళ్ళేసరికి బావమరిది ముందే వచ్చి కూర్చున్నాడు. చట్టం చదవలేదు గానీ, చట్టం చదివినవాడి ఇంటి ఎదురుగా కాపురముంటాడు.

"బావా, నువ్వు నిశ్చింతగా ఉండు. ప్రపంచంలో ఎక్కడైనా ఒకటే రూలు. వెనకనుంచి గుద్దినవాడిదే తప్పు. ఆగిన బండి ఏం చేస్తుంది? పరిగెత్తుకెళ్ళి కారుని గుద్దుతుందా?"

"దీపం ఆర్పాన్రా."

నిదానం భార్య చేతిలో గిన్నె అక్కడే పెట్టేసి వచ్చింది.

"ఆర్పితే?"

"ఆర్పితే ఆగిన బండో పోయే బండో వెనకాలవాళ్ళకి ఎలా తెలుస్తుందే? ఆవిడ పోతే జైలు. పోకపోయినా లైసెన్సు పోతుంది. నాకు ఇంకో పని వచ్చా?"

"నీకు ఈ పనైనా వచ్చని ఎవరన్నారు?" అంది భార్య. భయమేస్తే ఆవిడకి వెటకారం వస్తుంది, అది మా అందరికీ తెలుసు. ఆ మాట అంటూనే అతని పక్కన కూర్చుని చొక్కా అంచు పట్టుకుంది.

తలుపు చప్పుడైంది. ముగ్గురూ పోలీసులనుకుని లేచి నిలబడ్డారు. వచ్చింది మేస్త్రి.

"రేపు బీమా కంపెనీ ఆఫీసరు వస్తాడు. తప్పు ఎవరిదో, ఎంతో తేల్చేది ఆయనే. పోలీసులు కూడా ఆయన రాసింది చూసే కేసు కడతారట. నేనూ గుండ్రాయీ యార్డులో రాసిచ్చేశాం, దీపం వెలుగుతోందని. నువ్వూ అదే చెప్పు. మూడు నోళ్ళూ ఒకటైతే నిజమెంత, దాని ఎత్తెంత?"

"ఆవిడ లేచి లేదంటే?"

"తలకి దెబ్బ తగిలినావిడ మాట ఎవరు నమ్ముతారు? అసలు లేస్తే కదా." ఆ ఆఖరి మాట అన్నాక మేస్త్రికే ఎలాగో అయింది. "లేవాలనుకో" అని గొణిగి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి నిదానం నిద్రపోలేదని వేరే చెప్పక్కర్లేదు. వీధిలో ఏ బండి ఆగినా అతని గుండె ముందు ఆగి, తర్వాత ఆ బండి ఆగేది.

మర్నాడు యార్డులో ఆఫీసరు కనిపించేసరికి నిదానానికి కొంచెం ఊపిరొచ్చింది. పులిలా ఉంటాడనుకున్నాడు. తీరా చూస్తే చిన్న మనిషి, బుగ్గలో పిప్పరమెంటు, మెత్తటి గొంతు. కానీ ఆ మెత్తదనమే కాసేపటికి మరీ భయపెట్టింది. నొక్కిపోయిన లారీ వెనక భాగం చుట్టూ పిల్లిలా తిరిగాడు. వంగి చూశాడు. ఎవర్నీ ఏమీ అనలేదు. పెద్దసారు ఆయన వెనకే గొడుగు లేని గొడుగు బంట్రోతులా నడిచాడు.

"దీపం వెలుగుతోందన్నారు మీవాళ్ళిద్దరూ. నువ్వేమంటావు బాబూ?"

"వెలుగుతోందండీ" అన్నాడు నిదానం.

"సరే. ఎక్కు. నేనూ ఎక్కుతాను. నిన్న పని ముగించి బయల్దేరేటప్పుడు ఎలా చేశావో అలా చెయ్యి. అంతే."

నిదానం ఎక్కాడు. ఆఫీసరు పక్కన కూర్చున్నాడు. కిటికీ బయట మేస్త్రి, గుండ్రాయి, పెద్దసారు. దీపం వేశారు. పైన అది తిరుగుతున్న చప్పుడు వినపడుతోంది. నిదానం మనసులో ఒకటే జపం, దీపం ముట్టుకోకు, దీపం ముట్టుకోకు. నిన్న రాత్రంతా అదే అనుకున్నాడు. తాళం ఒక్కటి తిప్పు. లేవకపోతే గుద్దుడికి పాడైందని చెప్పు. అదీ ఆలోచించి పెట్టుకున్నాడు.

సీటు ముందుకి లాక్కున్నాడు. అద్దం సవరించుకున్నాడు. గేరు కదిపి చూశాడు. చెయ్యి పైకెళ్ళి దీపం మీట నొక్కేసి, కిందికొచ్చి తాళం తిప్పింది. ఇంజను గర్రుమని లేచింది.

అప్పుడుగానీ అతనికి తెలియలేదు ఏం చేశాడో. ఏళ్ళ తరబడి నేర్పిన చెయ్యి, ఒక్క రాత్రి నేర్పిన నోటి మాట వింటుందా? కిటికీ బయట మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు.

ఆఫీసరు పిప్పరమెంటు ఈ బుగ్గలోంచి ఆ బుగ్గలోకి మార్చాడు. "దీపం ఎందుకు ఆర్పావు?"

నిదానానికి చెవుల్లో హారన్ మోగడం మొదలైంది. చెమట కనుబొమ్మల మీంచి కంట్లోకి దిగింది. బయట ముగ్గురి మొహాలూ నీళ్ళలో ఉన్నట్టు కదిలాయి. ఇప్పుడొక్క మాట అల్లొచ్చు, పరధ్యానమనొచ్చు. కానీ భయం ఒక హద్దు దాటాక అబద్ధం అల్లే ఓపిక కూడా ఉండదు.

"ఆర్పకపోతే లేవదండీ."

"ఏదీ, ఆర్పకుండా తిప్పు."

ఇంజను ఆపి, దీపం వేసి, తాళం తిప్పాడు. టక్కుమంది. మళ్ళీ తిప్పాడు. టక్కు. పైన దీపం నీరసంగా ఆగిపోయింది. ఆఫీసరు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఈ సంగతి ఎవరెవరికి తెలుసు?"

గుండ్రాయి బూట్లు చూసుకున్నాడు. పెద్దసారు "నాకెవరూ..." అని మొదలెట్టాడు. మేస్త్రి ఒక్కసారిగా తిరిగాడు.

"ఎవరూ చెప్పలేదంటారా? నేను మీ టేబుల్ ముందు నిలబడి, నిలబడి, నా కాళ్ళు మీ గచ్చులో పాతుకుపోయాయి కదయ్యా! చూద్దాం చూద్దాం అన్నారు. చూడండి ఇప్పుడు!"

"మేస్త్రీ, నోరు..."

"నా నోటి సంగతి తర్వాత. నిన్న నాచేత అబద్ధం చెప్పించింది మీరేగా?"

ఆఫీసరు ఎవరి మీదా కేకలెయ్యలేదు. లారీ దిగి, చేతులు దులుపుకుని, నిదానాన్ని ఓ పక్కకి తీసుకెళ్ళాడు.

"చూడు బాబూ. బ్యాటరీ మార్చని పాపం మీ కంపెనీది. అది పెద్ద వాటా. ముందు బండి ఉందని చూసి కూడా వేగం తగ్గించకపోతే కారావిడకీ కొంత ఉంటుంది. నీకూ ఉంది, లేదనుకోకు. కోన్లు తీసేశాక, ఇంజను లేవకముందే, దీపం ఆర్పింది నువ్వు. ఓ మనిషిని కిందికి దింపి, జెండా ఊపమంటే సరిపోయేది. అది నేను రాయక తప్పదు."

"జైలాండీ?"

"అది నా చేతిలో లేదు. ఆవిడ లేచిందట పొద్దున. పోలీసులు సాయంత్రం ఆవిడ దగ్గరికి వెళ్తారు. ఆవిడ ఏం చెప్తుందో దాన్నిబట్టి ఉంటుంది."

ఆస్పత్రికి వెళ్ళొద్దని బావమరిది చేతులు పట్టుకున్నాడు. వెళ్తే తప్పు ఒప్పుకున్నట్టే అన్నాడు. "ఇప్పుడు ఒప్పుకోనిది ఇంకేం మిగిలింది?" అని భార్య చెప్పులేసుకుంది. కానీ వార్డు తలుపు దగ్గరికొచ్చేసరికి ఆవిడా ఆగిపోయింది. "నువ్వెళ్ళు. నేనిక్కడే ఉంటా" అంది.

మందుల షాపావిడ కాలు కట్టుతో పైకి వేలాడుతోంది. మొహం ఒకవైపు వాచిపోయి కమిలింది. మంచం పక్కన ఆవిడ భర్త.

"ఎవరు మీరు?"

"లారీ డ్రైవర్నండీ."

భర్త లేచి మీదికొచ్చాడు. మంచం మీదనుంచి గొంతు వినపడింది, సన్నగా, గీరుకుంటున్నట్టు.

"బతికే ఉన్నారా?"

నిదానానికి అర్థం కాలేదు.

"పొద్దున్నుంచి అడుగుతున్నా, లారీలో వాళ్ళకి ఏమైందని. ఎవరూ చెప్పరు. విశ్రాంతి తీసుకో అంటారు. చంపేశాననే అనుకున్నా." కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి. "ఆయనేమో నేను నిద్రపోయానంటారు. నిద్రపోలేదండీ. లారీ కనిపించింది. వెనక ఎర్రలైట్లు కనిపించాయి. మెల్లిగా పోతోందనే అనుకున్నా. దగ్గరికొచ్చాక దాటుదామనుకున్నా. అది కదల్లేదు. నాకు పిచ్చేమో అనుకుంటున్నా, ఆగి ఉన్నది పోతున్నట్టు ఎలా కనిపించింది?"

"నేను దీపం ఆర్పానమ్మా" అన్నాడు నిదానం. "బ్యాటరీకి రెండు పనులు చేసే సత్తువ లేదు. తాళం తిప్పాలని ఆర్పాను. ఎర్రలైట్లు వెలిగాయి, పసుపు దీపం లేదు. మీకు పోతున్నట్టే ఉంటుంది."

గదిలో ఓ మిషను టిక్కుటిక్కుమంటోంది. భర్త వెనక్కి తగ్గి కూర్చున్నాడు. ఆవిడ పైకప్పు వంక చూసింది.

"అయితే నా కళ్ళు సరిగ్గానే చూశాయి."

"సరిగ్గానే చూశాయమ్మా."

ఆవిడ మొహంలో ఏదో సడలింది. మరుక్షణం బిగుసుకుంది. "నా కాలు మళ్ళీ మామూలవుతుందో లేదో డాక్టరు చెప్పట్లేదు. తెలుసా మీకు?"

నిదానం ఆ కట్టు వంక చూశాడు.

"సాయంత్రం పోలీసులొస్తారు" అంది. "నేను చూసింది చెప్తాను. మీరిప్పుడు చెప్పింది చెప్తాను. ఏదీ కలపను, ఏదీ తీసెయ్యను. చాలా మీకు?"

చాలో చాలదో అతనికెలా తెలుస్తుంది?

"చాలమ్మా" అన్నాడు.

"ఇక వెళ్ళండి. మిమ్మల్ని చూస్తుంటే కాలు ఎక్కువ నొప్పెడుతోంది."

బయట భార్య గోడకానుకుని ఉంది. "ఏమంది?"

"పొమ్మంది."

"కేసు?"

"ఉన్నది చెప్తానంది."

భార్య ఈసారి వెటకారమాడలేదు. వరండా చివర మెట్ల మీదనుంచి బూట్ల చప్పుడు పైకొస్తోంది. ఇద్దరు పోలీసులు. సాయంత్రమని చెప్పి ముందే వచ్చేశారు. నిదానం పారిపోడానికి అటూ ఇటూ చూశాడు. ఆ వరండాకి ఆ మెట్లొక్కటే దారి. భార్య అతని మోచెయ్యి పట్టుకుంది. ఇద్దరూ గోడవైపు ఒదిగి, వాళ్ళు లోపలికి వెళ్ళడానికి దారిచ్చారు.