వచ్చిపోయిన జబ్బు

గాబ్రియేలు మజ్జిగ గ్లాసు అందుకున్నాడు గాని వెంటనే తాగలేదు. ఎదుటి మనిషి తాగుతాడా లేదా అని చూశాడు. బనగానపల్లె ఎండకు అంగడి రేకులు చిటచిటమంటున్నాయి. పెద్దసుబ్బయ్య సెట్టి తన గ్లాసును తక్కెడ పక్కన పెట్టి, దాని మీద అట్టముక్క కప్పాడు. మూత్రం ఆగని మనిషి దప్పికనైనా ఓర్చుకుంటాడు గాని నీళ్లు తాగడు. ఇన్నేళ్లూ తెల్లని పరుపు మీద కూర్చుని బేరం చేసిన సెట్టి ఇప్పుడు రెక్సిను కుర్చీకి మారాడు. అడగవలసిన మొదటి ప్రశ్నకు గాబ్రియేలుకు అడక్కుండానే జవాబు దొరికింది.

సెట్టికి చెన్నైలో ప్రోస్టేటు క్యాన్సరుకు రోబో ఆపరేషను జరిగింది. డాక్టరు దూరంగా కూర్చుని మీటలు కదిపితే మర చేతులు లోపల కోశాయని ఆయన ఊరంతా గొప్పగా చెప్పుకున్నాడు. ఆ తర్వాతి సంగతులు మాత్రం ఎవరికీ చెప్పలేదు. అలాంటివాళ్లు ఏళ్లు గడిచేకొద్దీ ఎలా ఉన్నారో కనుక్కుని, రక్తం తీసుకుపోవడానికే కర్నూలు ఆసుపత్రి గాబ్రియేలును పెట్టుకుంది. జబ్బు తిరగబెడితే మొదట రక్తంలో తెలుస్తుంది. అప్పుడే పట్టుకుంటే మనిషి దక్కుతాడు. సెట్టి ఏడాదిగా చెయ్యి చాపడం లేదు.

"బాగుండానప్పా. ఇంగ రక్తమేమిటికి?"

"బాగుండేటోళ్లదే తీసేది సెట్టీ. బాగలేనోళ్లు వాళ్లే పరిగెత్తుకుంటా వస్తారు."

"నువ్వు అంగడి పెట్టింటే నేను తలుపులు మూసుకోని పోయింటి."

గాబ్రియేలు కుర్చీ దగ్గరికి జరుపుకుని గొంతు తగ్గించాడు. "నాకూ అయింది సెట్టీ ఈ ఆపరేషను. తుమ్మితే పంచె తడిసేది."

అతనికి ఏ ఆపరేషనూ కాలేదు. ఓర్వకల్లు దగ్గర రాళ్లు కొట్టుకునేవాళ్ల ఇంట్లో పుట్టి, ఆసుపత్రి గచ్చు కడుగుతూ సూది పట్టేదాకా ఎదిగినవాడు. మగవాళ్లు ఈ సంగతి డాక్టరుకు చెప్పరు, పెళ్లానికి చెప్పరు. తమలా తడిసిన ఇంకొకడికి చెబుతారని మొదట్లోనే కనిపెట్టాడు. అప్పటినుంచి ఊరూరా అదే మాట. చెప్పగా చెప్పగా దానికి వివరాలు కూడా పుట్టాయి: మత్తు దిగేటప్పటి వణుకు, గొట్టం తీసిన నాటి మంట. భార్య పోయాక ఒంటి గదిలో మాటిమాటికీ నిద్ర లేస్తున్నా, నడుము లాగేస్తున్నా అతను బెదరలేదు. అతని మనసులో ఆ జబ్బు ఒకసారి వచ్చి పోయింది. పోయినదానికి భయమేమిటి?

"నీకు ఇంకా కారతాందా?" సెట్టి వీధి వైపు చూస్తూ అడిగాడు.

"అప్పుడప్పుడు."

"నాకు మూట ఎత్తితే చాలు. నా పెండ్లాం నాగేంద్రమ్మకు తెలుసు. పాపం, తెలీనట్టే ఉంటాది." గ్లాసు మీది అట్టముక్క సర్దాడు. "అదన్నా ఓర్చుకుంటానప్పా. జబ్బు మళ్లా వచ్చిందని చెప్తే మాత్రం తట్టుకోలేను."

"రాలేదని చెప్తేనో?"

సెట్టి ఆలోచించాడు. వ్యాపారి కదా, ఊరికే ఇచ్చేవాడు కాడు. "అట్లయితే నీదీ తియ్యి. నా ముందరే. ఇద్దరిదీ కలిసి పోనీ. నాదొక్కటే పోతే నిద్రపట్టదు."

గాబ్రియేలు నవ్వాడు. జీవితమంతా పరుల చేతుల్లో నరం వెతికినవాడు తన చేతిని కొత్తగా చూసుకున్నాడు. రబ్బరు పట్టీ కొసను పళ్లతో లాగి బిగించి, సూది దించాడు.

"నొప్పయిందా?"

"లేదు."

"అబద్ధాలకోరువి!" అంటూ సెట్టి పకపకా నవ్వి చొక్కా చెయ్యి పైకి మడిచాడు. గాబ్రియేలు ఇంకో కొత్త సూది విప్పాడు. పని అయ్యాక సెట్టి అట్టముక్క తీసి మజ్జిగ గుక్క తిప్పుకోకుండా తాగేశాడు.

రిపోర్టులు వచ్చిన పూట డాక్టరు గాబ్రియేలును లోపలికి పిలిచాడు. "సుబ్బయ్యది దివ్యంగా ఉంది. పేరు రాయని ఈ రెండోది ఎవరిది? జబ్బు లెక్క చాలా ఎక్కువొచ్చింది. వెంటనే పిలిపించు."

గాబ్రియేలు కాగితం వైపు చూశాడు. చేతులు కట్టుకుని నిటారుగా నిలబడ్డాడు.

"పిలిపించే పని లేదు సార్. ఈడనే ఉండాడు."

మరుసటి మామిడి కాలంలో సెట్టి, రక్తం కోసం ఎవరూ తన అంగడికి రాకముందే, తానే బస్సెక్కి కర్నూలు వచ్చాడు. గాబ్రియేలు కూర్చునే బల్ల దగ్గర నర్సు మహాదేవమ్మ కూర్చుని ఉంది. సెట్టి చేతిలోని గంపను బల్ల కిందికి తోశాడు.

"గాబ్రియేలప్ప యాడమ్మా? ఆయప్పకని తెచ్చినా."

"క్రిస్మసుకు ముందర పోయినాడు సెట్టీ. ఎముకల్లోకి పాకింది. పోయేదాకా మీ అందరి సంగతీ అడుగుతానే ఉండె."

"ఆపరేషను అయినాక మళ్లా ఎట్ల వచ్చింది?"

"ఆయనకు ఆపరేషను యాడయింది? తెలిసేసరికే శానా దూరం పోయుండె."

సెట్టి ఆమె ముఖంలోకి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత చొక్కా చెయ్యి మెల్లగా మడిచి, మోచేతిని బల్ల మీద ఆనించాడు.

"తియ్యమ్మా."

ఆయన వెళ్లిపోయాక గంప అక్కడే ఉంది. వరిగడ్డి సందుల్లోంచి కాయలు కనబడుతున్నాయి, పచ్చగా, ఇంకా మగ్గకుండా.