తోసిన చెయ్యి

గాయకుడు గార్త్ హాలొరన్ మా కాలేజీకి వస్తున్నాడని బెర్నడెట్ చెప్పినప్పుడు నేను సూప్‌లోకి బ్రెడ్డు తుంచుకుంటున్నాను. బెర్నడెట్ మా విభాగానికి హెడ్. మనిషి మంచిది. నా భార్య మార్తా పోయాక రెండేళ్ళుగా నన్ను మధ్యాహ్నం ఒంటరిగా తిననివ్వలేదు. ఆ విషయం ఎప్పుడూ పైకి అనలేదు, ఊరికే తన ప్లేటు తెచ్చుకుని ఎదురుగా కూర్చుంటుంది.

"జేమ్స్ స్ట్రీట్ గోడ మీద ఫలకం పెడుతున్నారు, ఆర్నీ. 'సాల్ట్ రోడ్' పాట వీడియో తీసింది అక్కడేగా. ఈ శుక్రవారం సాయంత్రం ఆవిష్కరణ. దానికి ముందు మన హాల్లో చిన్న సభ. ఆ వీడియోని మన పద్ధతిలో విశ్లేషించి చూపిస్తావా? ఓ పావుగంట."

"ఫలకం మీద ఏం రాస్తున్నారు?"

"పాట పేరు, బ్యాండు పేరు, సంవత్సరం. కింద 'ఆలోచన, దర్శకత్వం: గార్త్ హాలొరన్' అని. ఇంకేం రాస్తారు?"

"చేస్తాను," అన్నాను. సూప్ చల్లారిపోయింది. పగైనా చల్లారాకే రుచి అంటారు ఇక్కడ; ఆ రోజు నాకది బాగానే ఉంది.

ఇరవై రెండేళ్ళు మీడియా పాఠాలు చెప్పాను. ప్రకటనలు, వార్తలు, హాకీ మ్యాచ్‌లు, ఎన్నికల ప్రసంగాలు అన్నీ విప్పి చూపించాను. హామిల్టన్ ఊరికి పేరు తెచ్చిన ఆ ఒక్క వీడియో జోలికి మాత్రం వెళ్ళలేదు. మార్తా వద్దంది. "నా గొడవ నీ క్లాసులోకి లాక్కెళ్ళకు. పిల్లలు పాపం ఫీజులు కట్టి వస్తున్నారు," అని నవ్వేసేది.

ఆ వీడియో ఎలా ఉంటుందంటే, చలికాలంలో స్టీలు మిల్లు షిఫ్టు వదిలాక వీధంతా జనం. వాళ్ళందరూ వెనక్కి నడుస్తుంటారు. గార్త్ ఒక్కడే ముందుకి, మన వైపు, పాడుతూ నడిచొస్తాడు. మూడో చరణంలో ఫ్రేము అంచు నుంచి ఆకుపచ్చ గ్లవ్ తొడిగిన చెయ్యి ఒకటి వచ్చి, అతని కోటు కాలరు పట్టుకుని వెనక్కి తోస్తుంది. అతను పడబోతాడు. చెయ్యి మాయమవుతుంది. ఎవరి సాయమూ లేకుండా తనంతట తనే నిలదొక్కుకుని పాట అందుకుంటాడు. ఆ బొమ్మ టీషర్టుల మీదికి ఎక్కింది. అది పెట్టుబడి చెయ్యి అని ఒకరు, సమాజం చెయ్యి అని ఒకరు వ్యాసాలు రాశారు.

అది నా భార్య చెయ్యి.

మార్తా అప్పట్లో ఊళ్ళోని టీవీ స్టేషన్లో వార్తలు ఎడిట్ చేసేది. ఆలోచన ఆమెదే. గార్త్ చేత పాటను చివరి నుంచి మొదటికి తిరగేసి పాడించింది. అతన్ని వెనక్కి నడిపించింది, జనాన్ని మామూలుగా ఇళ్ళకి పోనిచ్చింది. ఆ తర్వాత ఫిల్మును తిరగేసి వేసింది. అంతే కిటుకు. తిరగేసిన పాట నేర్చుకోవడానికి నెలన్నర పాటు అతను మా వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాడు. మార్తా టేపును వెనక్కి తిప్పి వినిపించేది. ఇతను మా అమ్మ ఉడికించిన పైరోగీ కుడుములు మింగుతూ ఆ అర్థంలేని శబ్దాలు అప్పజెప్పేవాడు. షూటింగు రోజున మా నాన్న చక్రాల కుర్చీలో కెమెరామన్ కూర్చుంటే తోసింది నేను. పక్కనే మార్తా. వెనక్కి నడిచేవాడికి వెనక గుంట ఉందో మంచుందో తెలియదు కదా, చేత్తో సైగలు చేస్తూ అతన్ని నడిపించింది.

వీడియో మీద పేరు గార్త్‌ది పడింది. అడిగితే "తర్వాతి దానికి నీ పేరే, ప్రామిస్" అన్నాడు. తర్వాతి దానికి టొరంటో నుంచి ఎవరినో పెట్టుకున్నాడు. మార్తా రిటైరయ్యేదాకా వాతావరణ సూచనలు అతికిస్తూనే ఉంది.

ఆసుపత్రిలో ఆఖరి వారం, గోడకున్న టీవీలో గార్త్ ఇంటర్వ్యూ వచ్చింది. "ఆ చెయ్యి నన్ను అణగదొక్కాలని చూసిన ప్రతివాడిదీ," అంటున్నాడు. ఆ కథంతా మార్తా నోట విన్న నర్సు చప్పున ఛానెల్ మార్చబోయింది. మార్తా వారించింది. "ఉండనీ అమ్మా. చెయ్యి ఫ్రేములో బాగా పడింది," అంది. ఆ మాటకి నర్సు ఆమె చెయ్యి పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. ఆ నర్సుకి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను. గార్త్‌కి మాత్రం వేరే లెక్క దాచిపెట్టుకున్నాను.

సభ రోజున హాలు నిండింది. వెనక వరుసల్లో పాత అభిమానులు, బొజ్జల మీద ఆ టీషర్టు సాగదీసుకుని. ముందు వరుసలో గార్త్. జుట్టుకి రంగు, కాళ్ళకి పాము చర్మం బూట్లు.

"ఏంట్రా ఆర్నీ, ఇంకా మార్కులు కోస్తూనే ఉన్నావా?" అని నా భుజం మీద చరిచాడు. "మార్తా సంగతి విన్నాను. పాపం. పూలు పంపుదామనుకున్నా."

"అనుకున్నావు కదా, చాలు," అన్నాను.

"నా గురించి మంచిగా చెప్పు మరి."

"నీ గురించి నేనేమీ చెప్పను గార్త్. బొమ్మే చెబుతుంది."

ముందు అతను మాట్లాడాడు. "ఊరంతా వెనక్కి నడుస్తుంటే నేనొక్కణ్ణే ముందుకి నడిచాను. నా జీవితమే అంత," అన్నాడు. జనం ఈలలు వేశారు. ఆ రోజు వీధిలో నడిచినవాళ్ళకి నిజం తెలుసు. వాళ్ళు బీరు తాగుతూ చెప్పుకున్నారు కూడా. పత్రికలవాళ్ళు మాత్రం ఎప్పుడూ వాళ్ళని అడగలేదు.

నేను వేదిక ఎక్కాను. నా పిల్లలకి మొదటి రోజు చెప్పేదే చెప్పాను. "పాట మనకి ముందే ఏం చూడాలో చెప్పేస్తుంది. అందుకని శబ్దం ఆపేసి చూద్దాం. ఎవరు ఎవర్ని చూస్తున్నారు, ఎందుకు చూస్తున్నారు, అంతే. చూపు ఎవరిదో వాళ్ళదే అధికారం అంటుంది మా శాస్త్రం."

పాట లేకుండా చూస్తే ఆ వీడియో వేరే వస్తువు. గార్త్ పక్కకి అడుగేస్తాడు, వెంటనే కెమెరా పక్కకి ఓ చూపు చూస్తాడు. మళ్ళీ అడుగు, మళ్ళీ చూపు.

"ఆ చూపేమిటి?" అని అడిగాను.

"ధిక్కారం!" అని వెనక నుంచి ఓ టీషర్టు అరిచింది.

"ఎవర్ని ధిక్కరిస్తున్నాడు? ప్రతిసారీ ఒకే చోటికి ఎందుకు చూస్తున్నాడు?"

రెండో వరుసలో నా విద్యార్థిని జోయెల్ ముందుకి వంగింది. "ప్రొఫెసర్, ఓ క్షణం ఆపండి. వాళ్ళ నోటి ఆవిరి చూడండి. చలికాలంలో ఆవిరి బయటికి రావాలి కదా? అందరిదీ లోపలికి పోతోంది! ఆయనది కూడా!"

హాల్లో గుసగుసలు. గార్త్ కాలు మీద కాలు తీసేశాడు.

"అయితే ఏం చేద్దాం?" అన్నాను.

"తిరగేసి వెయ్యండి," అంది ఆ అమ్మాయి.

ఆ మాట నేను కాక, చూసేవాళ్ళలో ఒకరే అనాలని నేను నాలుగు రాత్రులు కోరుకున్నాను. తిరగేసి వేశాను.

ఇప్పుడు ఊరు మామూలుగా ఇంటికి పోతోంది. ఆవిరి నోళ్ళ నుంచి బయటికొస్తోంది. గార్త్ ఒక్కడే వెనక్కి నడుస్తున్నాడు, తడబడుతూ, బిత్తర చూపులతో. ముందు చూపు, తర్వాత అడుగు. దారి తెలియని పిల్లాడు తల్లి మొహం చూసినట్టు ప్రతి అడుగుకీ కెమెరా పక్కకి చూస్తున్నాడు. వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు ఆ నవ్వు చాలా తియ్యగా తగిలింది.

తర్వాత మంచు మీద అతని మడమ జారింది. వెల్లకిలా పడిపోతున్నాడు. ఫ్రేము అంచు నుంచి ఆకుపచ్చ గ్లవ్ చాచుకుని వచ్చింది, కాలరు దొరకబుచ్చుకుంది, లాగి నిలబెట్టింది. కాలరు సరిచేసి మరీ వెళ్ళిపోయింది.



"ఎవరిది ఆ చెయ్యి?" అంది జోయెల్.

నేను మైకు తీసుకెళ్ళి గార్త్ ముందు పెట్టాను.

"ఎవరో... గుర్తులేదు. జనంలో ఎవరో," అన్నాడు.

"ఫరవాలేదు. మళ్ళీ చూద్దాం," అన్నాను.

మళ్ళీ వేశాను. అతను జారాడు, చెయ్యి పట్టుకుంది. "ఆర్నీ, పావుగంట అయిపోయింది," అని నిర్వాహకుడొకాయన లేచాడు. బెర్నడెట్ ఆయన చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. ఆవిడకి నేనేమీ చెప్పలేదు. నా మొహం చూసి తెలుసుకున్నట్టుంది.

"గుర్తొచ్చిందా?"

"ఇదంతా ఎందుకురా ఇప్పుడు?" గార్త్ గొంతు తగ్గించి అన్నాడు. మైకు ఆ గుసగుసని కూడా హాలంతా వినిపించింది. "మనిషే పోయింది కదా."

నా చేతిలో రిమోటు ఉంది. కోటు జేబులో ఆ ఆకుపచ్చ గ్లవ్వే ఉంది, బొటనవేలు దగ్గర పసుపు దారంతో కుట్టినది. తెర మీది దానికీ అదే పసుపు కుట్టు. దాన్ని నాలుగోసారికి దాచుకున్నాను. మూడోసారి వేశాను.

అతను జారాడు. ఈసారి అతను తెర వైపు చూడలేదు, తన వైపు తిరిగిన మొహాల్ని చూశాడు. టీషర్టుల వాళ్ళు తమ పొట్టల మీది బొమ్మని వంగి చూసుకుంటున్నారు.

"మార్తా," అన్నాడు.

"ఇంటిపేరుతో చెప్పు గార్త్. ఫలకం చెక్కేవాళ్ళకి అక్షరాలు కావాలి."

"మార్తా పెట్రిక్." నుదురు తుడుచుకున్నాడు. "ఆవిడ పట్టుకోకపోతే తల పగిలేది. నడవడం, పాడటం, అంతా ఆవిడే నేర్పింది."

"ఆలోచన?"

"అదీ ఆవిడదే."

బెర్నడెట్ అప్పటికే ఫోను చెవికి పెట్టుకుని తలుపు వైపు నడుస్తోంది. "సాయంత్రం గోడకి ఏమీ బిగించకండి. అవును, గోడకి కట్టిన తెర కూడా తీసెయ్యండి," అంటోంది.

గార్త్ నా వైపు చెయ్యి చాచాడు. దాన్ని అందుకునేంత మంచితనం నాకు లేకపోయింది. అతను లేచి, వరుసలోంచి మోకాళ్ళు తప్పించుకుంటూ, పక్క తలుపు గుండా వెళ్ళిపోయాడు.

జనం కదలలేదు. నేను గ్లవ్ జేబులోనే ఉండనిచ్చి, ఆ ముక్కని నాలుగోసారి వేశాను. ఈసారి గార్త్ కోసం కాదు.