నిదానమ్మ పారబోసిన డ్రమ్ము

నలభై నిమిషాలుగా ఆమె గాజు గొట్టం పక్కన ముక్కాలిపీట మీద కూర్చునే ఉంది. చిటికెనవేలంత లావు గొట్టం, దాని గోడల నిండా కంటికి ఆనని రంధ్రాలు. లోపల, ఇనుము కలిపిన నీటిని నూనెలో సన్నగా చిలికిన ద్రవం. వెలుపల పారే నీరు. ఒత్తిడి కొద్దిగా ఇస్తే గొట్టానికి చెమట పట్టినట్టు నూనె చుక్కచుక్కగా బయటికొచ్చి నీటిలో కలుస్తుంది. ఒక్కో చుక్క కడుపులో బొప్పాయి గింజల్లా నీటిబిందువులు. ఇనుము వగరు ఆ గింజల్లోనే దాగి ఉండాలి, నాలుక దాటేదాకా బయటపడకూడదు. రక్తం తక్కువైన పిల్లల పాలలో కలిపే మందు అది.

ఫ్యాక్టరీలో అందరూ ఆమెను నిదానమ్మ అంటారు. ఎగతాళికి పెట్టిన పేరే. ఇరవై రెండేళ్ల కిందట సీసాలు కడగడానికి వచ్చింది. ఆ గొట్టాలను విరగ్గొట్టకుండా కడిగేది ఆమె ఒక్కతే కావడంతో యంత్రమూ ఆమెకే అంటుకుంది. గొట్టాన్ని ముందురోజే నీళ్లలో నానబెట్టాలనీ, పొడిగొట్టానికి నూనె తగిలితే ఇక చుక్క సరిగా విడిపోదనీ కొత్త ఇంజనీర్లకు ఆమే చెప్పేది. వాళ్లు ఆ సంగతి తామే కనిపెట్టినట్టు రిపోర్టులు రాసుకునేవారు. రాసుకోనీ, గొట్టం వాళ్ల మాట వినదు కదా అనుకునేది. బిందెడు పాలకు పూటంతా పితుకుతావేమిటని దర్జీ మొగుడు ఇంట్లో ఆటపట్టించేవాడు. మీరు చొక్కాకు కాజాలు గొడ్డలితో తీస్తారా అని ఆమె అడిగేది.

ఆ మధ్యాహ్నం కంపెనీ పెద్దలు రుచి చూడటానికి వస్తున్నారు. ఎంతవరకు వచ్చిందని మేనేజరు పొద్దున్నుంచి మూడుసార్లు అడిగి వెళ్లాడు. ఆమె అన్నం తిని వచ్చేసరికి పంపు మోత మారిపోయి ఉంది. గొట్టానికి చెమట లేదు, ధారలు కడుతోంది. పక్కన డ్రమ్ము నిండిపోయింది. మేనేజరు చెయ్యి ఒత్తిడి పెంచే వాల్వు మీదే ఉంది.

"చూశారా? రెండు గంటల పని ఇరవై నిమిషాల్లో అయిపోయింది. తెల్లగానే ఉంది కదమ్మా."

తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్లు అనుకునే మనిషి కాదు ఆమె. గాజుపలక మీద చుక్క వేసి మైక్రోస్కోపులో చూసింది. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, అన్నీ గింజలు దులిపేసిన బొప్పాయిలే. చెంచాతో నోట్లో వేసుకుంటే వగరు నాలుకను పట్టేసింది. ఇంకో చెంచా నింపి మేనేజరుకు అందించింది. అతను పుచ్చుకోలేదు.

ఆమె డ్రమ్ము కింది కుళాయి తిప్పేసింది. తెల్లటి ధార కాలువలోకి పోతుంటే అతను నిర్ఘాంతపోయాడు.

"ఏం చేస్తున్నారు? వాళ్లు గంటలో వస్తారు."

"రానివ్వండి సార్. కుర్చీలున్నాయి, కూర్చుంటారు. పిల్లలు ఉమ్మేసేదాన్ని నా చేత్తో పంపను."

రేపటి నుంచి ప్యాకింగుకు వెళ్లమని, ఇక్కడ పెద్ద బ్లెండరు పెట్టిస్తానని అతను గొంతు తగ్గించి చెప్పాడు. ఆమె నానబెట్టిన మరో గొట్టం బిగించి, వాల్వు వెనక్కి తిప్పి, ముక్కాలిపీట లాక్కుంది.

పెద్దలు వచ్చారు, కూర్చున్నారు, గడియారాలు చూసుకున్నారు. సాయంత్రం నాలుగింటికి రుచి చూశారు. వగరు తగల్లేదన్నారు. బాగుంది కానీ ఇంత ఆలస్యం పనికిరాదని, బ్లెండరుకే ఒప్పుకుని వెళ్లిపోయారు.

ఆమె గొట్టాన్ని కడిగి ఆరబెట్టింది. ఆ రోజు పని కాగితం మీద, వాల్వు ఎవరు తిప్పారో, డ్రమ్ము ఎవరు పారబోశారో, ఎందుకో, గుండ్రటి అక్షరాలతో రాసి సంతకం పెట్టింది.

"ప్యాకింగుకు నేను రాను సార్," అని కాగితం అతని చేతికిచ్చింది. సంచి భుజాన వేసుకుని, షిఫ్టు వాళ్లతో పాటే గేటు దాటింది. రెండో రోజుకు గానీ ఆమె మానేసిందని చాలామందికి తెలియలేదు.

బ్లెండరు వచ్చింది. అది చేసిన మందు వారం తిరక్కుండానే విరిగిపోతోంది. మేనేజరు ఒక్కోరోజు కిటికీ దగ్గరికి వెళ్లి, ఆ సాయంత్రం ఆమె నమూనాకు తీసి తేదీ అంటించిన చిన్న సీసాను వెలుతురుకు ఎత్తి చూస్తాడు. నాలుగు నెలలైనా దాని పైన తెట్టు కట్టలేదు, అడుగున నీరు దిగలేదు, మూత నుంచి అడుగుదాకా ఒకటే తెలుపు.