ఎనిమిదో అంతస్తుకు పదిహేను రోజులు

“మానెయ్. మనింట్లో లిఫ్టు లేదుగా!”

నేను మాడిన గిన్నె తోముతున్నాను. మా ఆయన కుర్చీలోంచి లేవకుండానే ఆ మాట విసిరాడు. అత్తయ్య పడీపడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. వాళ్ళు నవ్వుతున్నది నా పని చేజారిపోతుండటం గురించి.

నేను ఆసుపత్రి ల్యాబులో రక్తం తీస్తాను. పద్నాలుగేళ్ళుగా అదే పని. ఇప్పటిదాకా ల్యాబు మొదటి అంతస్తులో ఉంది కాబట్టి బతికిపోయాను. పదిహేను రోజుల్లో ఎనిమిదో అంతస్తుకు మారుస్తున్నారు. నేను లిఫ్టెక్కను. ఎక్కలేను. “మెట్లెక్కి వస్తాను సార్” అంటే మా ఇన్‌ఛార్జి తల పట్టుకున్నాడు. “రోజుకు పదిసార్లు వార్డుల నుంచి శాంపిళ్ళు మోసుకుని ఎనిమిది అంతస్తులా? మోకాళ్ళు ఊడొస్తాయమ్మా. లిఫ్టు కుదరదంటే కింద పాత ఫైళ్ళ గదిలో వేస్తాను. తేల్చుకో.”

ఫైళ్ళకు నరాలుండవు. ఎవరికీ దొరకని నరాన్ని వేలికొసతో తడిమి పట్టుకోవడం నా విద్య. ఇంట్లో నేను చేసేదంతా మర్నాటికి మళ్ళీ మాసిపోయే పని. నాదంటూ నిలిచింది ఇదొక్కటే. దాన్ని ఫైళ్ళ దుమ్ములో పూడ్చిపెట్టను.

భయం గురించి నాకొకరు చెప్పక్కర్లేదు. రోజుకు నలభై భయాలు వచ్చి నా ముందు కుర్చీలో కూర్చుంటాయి. బస్తాలు మోసే ఘటాలు కూడా సూది చూసి తెల్లమొహం వేస్తాయి. నేను నవ్వను. చెయ్యి పట్టి లాగను. “ఇప్పుడు దూదితో తుడుస్తున్నాను. ఇప్పుడు సూది. మీరు ఆపమంటే ఆపేస్తాను” అంటాను. ఆపమంటే నిజంగానే ఆపుతాను. ఆపుతానని నమ్మకం కుదిరాక, చాలామంది ఆపమనరు. ఇది నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు.

మా ఇంట్లోనూ ఒకాయనకు సూదంటే భయం. ఆయనకు రక్తపరీక్ష అంటే ఇంటిల్లిపాదీ కదలాలి. అత్తయ్య ఫ్యాను పెంచుతుంది, ఆడపడుచు తల నిమురుతుంది, నేను సూది కనపడకుండా చాటు చేసుకుని మోకాళ్ళ మీద కూర్చుంటాను. “మావాడిది చిన్నప్పట్నించీ సున్నితమైన ఒళ్ళు” అంటుంది అత్తయ్య. మగవాడికైతే సున్నితం, ఆడదానికైతే వేషాలు. నా భయం మాత్రం వచ్చిన చుట్టాలందరికీ వడ్డించే కథ. పదకొండేళ్ళుగా మా ఆయన వడ్డిస్తూనే ఉన్నాడు.

ఆయన చెప్పే కథలో సగమే ఉంటుంది. మిగతా సగం ఇది. మూసిన గదులంటే నాకు ముందునుంచీ కాస్త గుబులు. ఒకరోజు బట్టల దుకాణానికి వెళ్ళాం. “మెట్లెక్కుదామండీ” అన్నాను. “ఇవాళ్టితో నీ భయం వదలగొడతా చూడు” అని నన్ను లిఫ్టులోకి నెట్టాడు. ఈత నేర్పాలంటే నీళ్ళలోకి తోసెయ్యాలట, ఆయన సిద్ధాంతం. రెండంతస్తుల మధ్య మీట నొక్కి లిఫ్టు ఆపేశాడు. “నూరు లెక్కపెడతా, అలవాటైపోతుంది.” ఊపిరాడటం లేదన్నాను. కాళ్ళు పట్టుకుంటానన్నాను. మీట వైపు చెయ్యి చాపితే మణికట్టు పట్టుకున్నాడు. లెక్క మానలేదు. పక్కన ఆడపడుచు నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. నూరు అయ్యేసరికి నా గుబులు కాస్తా రోగమైంది.

గిన్నె కడిగి బోర్లించాను.

మర్నాడు ఆసుపత్రి లిఫ్టు ముందు నిలబడ్డాను. దాన్ని నడిపేది ఒక పెద్దావిడ. అందరూ లిఫ్టక్క అంటారు. సంగతి చెప్పాను. “లోపలికొస్తాను. తలుపు మూయొద్దు. నేను చెప్పేదాకా ఏమీ చెయ్యొద్దు.”

“అంతేనా చెల్లెమ్మా? లిఫ్టు నిలబడినా నా జీతం వస్తుంది, తిరిగినా వస్తుంది. రా.”

రెండు రోజులు తెరిచిన తలుపులోనే నిలబడ్డాను. మూడో రోజు మూయమన్నాను, మూసింది. తెరవమన్నాను, తక్షణం తెరిచింది. అదీ నాకు కావలసింది. ఆరో రోజు ఒక అంతస్తు. తొమ్మిదో రోజు మూడు, ఆ రోజు కక్కుకున్నాను కూడా. పదో రోజు గడప దగ్గర్నుంచే వెనక్కి వెళ్ళిపోయాను. “ఈ భయం ఎప్పుడు పోతుందక్కా?” అంటే ఆమె విసుక్కుంది. “పోయాక ఎక్కుతానంటే ముసలిదానివైపోతావు. దాన్నీ ఎక్కించుకో, నా లిఫ్టులో పదిమందికి చోటుంది.” పద్నాలుగో రోజుకు ఆరో అంతస్తు దాకా వెళ్ళాను. అంతవరకే.

పదిహేనో రోజు, ల్యాబు పైకి మారిన రోజు, పొద్దున్నే మా ఆయన వెంటబడి వచ్చాడు. “నేనుంటాగా! కళ్ళు మూసుకో, గట్టిగా పట్టుకుంటా. ఎలా ఎక్కవో చూస్తా.” నాకంటే ముందే లిఫ్టులోకి దూరి, మీటల పక్కన నిలబడ్డాడు. వెనక జనం. నా చేతిలో సూదులూ గాజుగొట్టాలూ ఉన్న ట్రే గలగలమంటోంది.

“దిగండి” అన్నాను.

“ఏమిటీ?”

“దిగండి. లిఫ్టు నేను ఎక్కగలను. మీరున్న లిఫ్టు ఎక్కలేను.”

“పిచ్చా? జనం చూస్తున్నారు!”

“చూడనివ్వండి. ఆ రోజు కూడా చూసుంటే బాగుండేది.”

ఆయన మొహం చూడదగ్గట్టుంది. లిఫ్టక్క స్టూలు మీద నుంచి లేచింది. “మరిదిగారూ, మెట్లు అటు. ఎనిమిదే అంతస్తులు, ఆరోగ్యానికి మంచిది.” వెనకెవరో కిసుక్కున నవ్వారు. దిగాడు.

తలుపు మూసుకుంది. ఏడో అంతస్తు దగ్గర ట్రే అంచు గట్టిగా పట్టుకున్నాను. “ఆపనా?” అంది అక్క. వద్దని తలూపాను.

ఎనిమిది. తలుపు తెరుచుకుంది. వీపంతా చెమట, తెల్లకోటు ఒంటికి అతుక్కుపోయింది. భయం పోయిందా అని అడగొద్దు. నాతోపాటే దిగింది, సాయంత్రం మళ్ళీ నాతోనే కిందికి వస్తుంది. రానీ. కొత్త గదిలో కిటికీ పక్క బల్ల నాదని చెప్పి ట్రే అక్కడ పెట్టాను. చేతులు కడుక్కున్నాను. వణుకు తగ్గేదాకా రెండు నిమిషాలు గోడకానుకున్నాను. తర్వాత తలుపు తీసి కేకేశాను.

“మొదటి నంబరు ఎవరండీ? రండి.”