చేతులెత్తిన ఫొటో

"మంచినీళ్లు కావాలన్నవాళ్లు చేతులెత్తండి" అన్నాడు అధికారి.

గొంతెండిన ఊరు ఎత్తకేం చేస్తుంది? ఇటుకలు మోసే ఆవిడైతే రెండు చేతులూ ఎత్తేసింది. పక్కనే ఉన్న మొగుడు, తాపీమేస్త్రి, "ఒకటి చాల్లేవే పిచ్చిదానా, రెండెత్తితే రెండు కుళాయిలిస్తారా?" అని నవ్వాడు. ఫొటో తీశారు.

మర్నాడు ఆ ఫొటో ఆఫీసు గోడెక్కింది. పైపుల కాలువ కూలి లేకుండా తవ్విపెట్టడానికి ప్రజలు సమ్మతించారట! ఇంటికొక మనిషి రావాలి. రాని ఇంటికి బోరింగు దగ్గర బిందె నిండదు. దాహానికెత్తిన చేతుల్ని వెట్టికి ఒప్పుకున్న చేతులు చేశారు, దొంగముండాకొడుకులు. కూలి డబ్బు కాంట్రాక్టరు మింగాడు.

కాలువ నిలువెత్తు దిగింది. "అయ్యా, మట్టి గుల్లగా ఉంది. పక్కలకి చెక్కలు కొట్టించండి" అన్నాడు మేస్త్రి.

"ఊరి పని ఊరిదే. చెక్కలూ మీరే తెచ్చుకోండి" అన్నాడు అధికారి, గొడుగు కింద నుంచి.

ఆ మధ్యాహ్నమే గట్టు విరిగిపడింది. ఆవిడ చేతులతోనే తవ్వింది. గోళ్లూడాయి. మొగుడి చెయ్యి దొరికేసరికి చల్లబడిపోయింది. "శవాన్ని పక్కకి జరిపి పని కానివ్వండి" అన్నాడు అధికారి.

ఆవిడ ఏడుపు ఆగకముందే మళ్లీ సభ పెట్టారు. "మేస్త్రి తన ఇష్టంతో వచ్చాడు. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి. ఎత్తితేనే నీళ్లు."

"పోయినవాడెలాగూ రాడు. ఉన్నవాళ్ల గొంతన్నా తడవనీ" అని గొణుగుతూ బండి తోలేవాడు చెయ్యెత్తాడు. అతణ్ణి చూసి ఇంకొందరు ఎత్తారు.

ఆవిడ లేచింది. "దించు అన్నా. నేను పోతానంటే, నీకెందుకే ఆ బరువని తను దిగాడు. నా చెయ్యే ఆయన్ని ఆ గోతిలోకి పంపింది. రేపు నీ తమ్ముడు దిగాలి. ఇష్టంతోనే దిగాడని అప్పుడు నేను చెయ్యెత్తనా?"

బండివాడు తలొంచుకున్నాడు. చెయ్యి దించి తొడకింద పెట్టుకు కూర్చున్నాడు. ఒక్కొక్కరే అలాగే కూర్చున్నారు.

సభకి కాపలా వచ్చిన పోలీసొకడు ఆమె మణికట్టు పట్టి పైకి లాగాడు. భుజం కలుక్కుమంది. "తియ్యి ఫొటో" అన్నాడు. ఆవిడ వాడి చెయ్యి కొరికింది. జుట్టు పట్టుకుని జీపు దాకా ఈడ్చారు.

అధికారి వెటకారంగా జనం వైపు తిరిగాడు. "దీంతోపాటు జైలుకి ఎవరొస్తారో, ఇప్పుడెత్తండి చేతులు."

ముందు బండివాడు ఎత్తాడు, రెండు చేతులూ. తర్వాత ఊరంతా ఎత్తింది. ఫొటో తీసేవాడు అలవాటుకొద్దీ మీట నొక్కాడు.

ఆ ఫొటో ఏ గోడా ఎక్కలేదు. జీపులో చోటు లేక ఊరు నడిచే వెళ్లింది, కాలువ తవ్వే పారలు భుజానేసుకుని.