ర్యాముకు నేను చేసిన ఆయుధపూజ

మా నగరి నేతోళ్ళ ఇళ్ళల్లో మగ్గానికి ఆయుధపూజ చేయకుండా దసరా పోదు. ఆ పొద్దు మరమగ్గాలన్నిటికీ పసుపు కుంకుమ పెట్టేసినా, నా చేయి ఊరుకోలేదు. మనవరాలు కోమలి కంప్యూటర్ కాడికి పోయినాను. చీరలకు బొమ్మలు గీసేది దాంట్లోనే కదా, అది మాత్రం పనిముట్టు కాదా? చదువు రాకున్నా మగ్గం విప్పి బిగించిన చేయి నాది. పక్కరేకు తీసేసినాను.

లోపలంతా దుమ్ము. తుడస్తా ఉంటే రెండు సన్నటి పలకలు కనబడినాయి. ర్యాము అంటారంట. వాటిని దిగేసే సన్న గాళ్ళు నాలుగు ఉంటే, ఒక పలక రెండోదాంట్లో, ఒకటి నాలుగోదాంట్లో. నడాన సందు! పడుగులో ఒక్క పోగు తప్పినా ఓర్చుకోలేని కన్ను నాది. పెరికి, తుడిచి, తలా ఒక బొట్టు పెట్టి, మూడు నాలుగు గాళ్ళలో పక్కపక్కనే దిగేసినాను. కొత్త పెళ్ళికొడుకూ పెళ్ళికూతురు మాదిరి ఉండారని మురిసిపోయినాను కూడా.

మర్నాడు సాయంత్రం తిరుపతి చీరల అంగడి చెంగల్రాయుడు వచ్చేది ఉండాది. పెళ్ళిచీర నమూనా తెరమీద తిప్పి చూపించాల. నచ్చితే మా మగ్గాలకు పని, లేకుంటే ఆ పని ఇంకో ఇంటికి పోతాది. తీరా ఆ మధ్యాన్నం కోమలి కూచోని తిప్పితే, బొమ్మ ఆగి ఆగి కదలతా ఉండాది.

"ఏందవ్వా ఇది, మొన్నటిదాకా బాగనే ఉన్నింది!"

"పండగ అలుపు మే," అన్నాను.

కోమలికి ఓపిక యాడిది? సెట్టింగుల్లోకి పోయి ర్యాము వేగం పెంచేసింది. కంపెనీవాడు చెప్పినదానికన్నా ఎక్కువ ఉరికించేదాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారంట. కాసేపటికే తెర నీలంగా మారి ఆగిపోయింది.

అప్పుడు చూడాల నా గొప్ప! కుర్చీ లాక్కోని మొదలుపెట్టినాను. "మీ తాత ఎల్లప్పా ఇంతే మే. మోటారుకు పెద్ద చక్రం బిగించి మగ్గాన్ని ఉరికించినాడు. పోగులన్నీ తెగిపాయ. ఓర్పు లేనోళ్ళ పని..."

"తాత కథ తర్వాత అవ్వా." మిషన్ మళ్ళా వేసి వేగం పాతదానికే దించింది, అయినా బొమ్మ ఆగి ఆగే కదలతా ఉండాది. ర్యాము వదులైందేమోనని మిషన్ ఆపి రేకు తీసి, అట్టే నిలబడిపోయింది.

"అవ్వా. ర్యాముకు బొట్టు ఎవరు పెట్టినారు?"

నేను గోడమీద బల్లిని చూస్తా ఉండాను.

"వీటిని పక్కపక్కన చేర్చింది ఎవరు?"

"సందు ఉన్నింది కదమే..."

"ఆ సందు ఉండాల!" అని నెత్తి కొట్టుకునింది. "రెండేసి గాళ్ళకు ఒక దారి. దారికొకటి పెడితే రెండూ ఒకేసారి పని చేస్తాయి, డ్యూయల్ ఛానెల్ అంటారు. నువ్వు రెండు బిందెలూ ఒకే కొళాయి కింద పెట్టినావు. పక్క కొళాయి ఊరికే ఉండాది."

బిందెల మాట చెప్తే నాకు తెలీదా! ఒకే కొళాయి కాడ ఇద్దరు ఆడోళ్ళు నిలబడితే ఏమయ్యేదీ నన్నడగండి, జుట్లు పట్టుకున్నదాన్నే.

పలకలు వాటి చోటికి పోయినాయి. సాయంత్రం చెంగల్రాయుడి ముందర చీర నెమలి మాదిరి తిరిగింది.

"ఇదే మగ్గమెక్కించండి," అన్నాడాయప్ప. "మిషన్ భలే ఉరకతా ఉండాదే?"

"మా అవ్వ పూజ చేసిందిలే అన్నా," అనింది కోమలి, నా పక్క చూడకుండా.

ఆయప్ప నిజమే అనుకున్నాడు. "మా అంగడి కంప్యూటర్ కూడా ఈడిగిలబడి సతాయిస్తా ఉండాది. నువ్వే ఒకసారి వచ్చి చేసిపోమ్మా," అన్నాడు.

పిలిస్తే కాదనే మనిషినా నేను? "దానికేమప్పా, రేపే వస్తా," అంటా ఉండంగానే, కోమలి నా కొంగు పట్టుకోని లోపలికి లాక్కపోయింది.